మా అమ్మాయితో ఆఫీసు న్యూస్‌లెటర్ రాయిస్తున్నారు, ఇదీ ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. మా అమ్మాయి నల్గొండలో బీకాం చదివి, ఇంటి నుంచే ఒక ఐటీ కంపెనీ హెచ్‌ఆర్‌లో పని చేస్తోంది. వాళ్ల టీంలో కొందరు హైదరాబాద్‌లో, కొందరు పుణెలో, కొందరు అమెరికాలో ఉన్నారు. ఆర్నెల్లుగా అందరికీ వారం వారం పంపే న్యూస్‌లెటర్ పని ఈమెకే అప్పజెప్పారు. తోటివాళ్లు అసలు పని నేర్చుకుంటుంటే మా పాప వెనకబడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఉద్యోగం మాన్పించి ఐసెట్ రాయించమంటారా?

జవాబు: మాన్పించకండి. మీ మిల్లు సంగతే చూడండి. రేపు ధాన్యం లారీలు రావన్న మాట ఈ సాయంత్రమే హమాలీలకు చేరకపోతే, పొద్దున ఎంతమంది వచ్చి ఊరికే కూర్చుంటారో మీకు తెలుసు. మిల్లులో అయితే గేటు దగ్గర నిలబడి ఒక కేక వేస్తే సరిపోతుంది. మీ అమ్మాయి టీం మూడు చోట్ల ఉంది కదా, ఆ కేక బదులే ఈ న్యూస్‌లెటర్.

అయితే దాన్ని ఎలా చేస్తోందన్నదే అసలు సంగతి. నేనూ ఒకప్పుడు ఓ ఆఫీసులో ఈ పనే చేశాను. ఎనిమిది పేజీలు, రంగురంగుల పుట్టినరోజు ఫోటోలు, పై అధికారి సందేశం. షిఫ్ట్ టైమింగ్ మారిన సంగతి మాత్రం ఆరో పేజీలో వేశాను. సోమవారం ముగ్గురు పాత టైముకే వచ్చి, నా సీటు దగ్గరికొచ్చి ఏమన్నారో ఇక్కడ రాయలేను. అప్పటి నుంచి ఎవరి పని మారుతుందో వాళ్ల కబురే పైన పెట్టేవాణ్ని. ఫోటోలు అడుగుకు పోయాయి.

మీ అమ్మాయికి మామూలుగా పైనుంచి వచ్చే వాక్యం ఇలా ఉంటుంది: ‘సెలవుల విధానంలో కొన్ని మార్పులు చేయడమైనది.’ దాన్ని అలాగే అతికిస్తే పోస్ట్‌మ్యాన్ పని. మేనేజర్‌కు ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడిగితే ఇలా అవుతుంది: ‘ఒకటో తారీఖు నుంచి సెలవు పోర్టల్‌లోనే పెట్టాలి, మెయిల్ చెల్లదు. ఇప్పటికే మెయిల్ పెట్టినవాళ్లు మళ్లీ పెట్టనక్కర్లేదు.’ ఆ రెండో వాక్యం ఎవరూ చెప్పరు, అడిగి రాబట్టాలి. జీతం ఆ అడగడానికే.

ఇంకో రెండు సంగతులు ఆమెకు చెప్పండి. సోమవారం పొద్దున 10కి పంపితే న్యూయార్క్‌లో అప్పుడు ఆదివారం అర్ధరాత్రి దరిదాపులు. మంగళవారం సాయంత్రం 6కి పంపితే అక్కడ ఉదయం 8:30, చలికాలంలో 7:30. ఇక్కడివాళ్లు బుధవారం పొద్దున చూసుకుంటారు. అలాగే ‘ఇంతమంది తెరిచారు’ అన్న లెక్కను చూసి మురిసిపోవద్దు. మెయిల్‌లో దాచిన చిన్న బొమ్మ లోడ్ అయితే తెరిచినట్టు లెక్క వేస్తారు. 2021 నుంచి ఐఫోన్ మెయిల్ యాప్, ప్రైవసీ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, మనిషి చూడకపోయినా ఆ బొమ్మను తానే లోడ్ చేసేస్తుంది. దానికన్నా, న్యూస్‌లెటర్‌లో చెప్పిన సంగతినే మళ్లీ ఎంతమంది అడిగారో రాసుకోమనండి. ఆ అంకె తగ్గుతుంటే పని బాగున్నట్టు.

పెద్ద కంపెనీల్లో దీన్ని ఇంటర్నల్ కమ్యూనికేషన్స్ అంటారు. హెచ్‌ఆర్ కిందో, కార్పొరేట్ కమ్యూనికేషన్స్ కిందో ఉంటుంది. పోస్టులు తక్కువే, దాచను. కానీ ఈ పని చేసిన హెచ్‌ఆర్ మనిషికి ప్రతి డిపార్ట్‌మెంట్‌లో ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. మీ పాప తోటివాళ్లకు అది లేదు. అయినా పత్రిక పని మన జిల్లాకు కొత్తేం కాదు, 1922లోనే షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు నల్గొండ నుంచి ‘నీలగిరి’ పత్రిక తెచ్చారు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పాత సంచికలు బయట ఇంటర్వ్యూల్లో చూపించకూడదు, అవి కంపెనీ సొత్తు. పేర్లు, అంకెలు, వివరాలు మార్చి రెండు మూడు నమూనాలు విడిగా తయారు చేసుకోమనండి. ఐసెట్ అంటారా, ఉద్యోగం చేస్తూనే రాయొచ్చు. ర్యాంకు చూశాక అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.