పదిహేను మంది అయితేనే ఆట వేస్తామన్నారు

"ఈమధ్య వచ్చిన తెలుగు సినిమాల్లో మీకు బాగా నచ్చింది ఏది? రాబోయేవాటిలో దేని కోసం ఎదురు చూస్తున్నారు?" అని అడిగారు.

మొదటిదానికి జవాబు సులువు. '35 చిన్న కథ కాదు'. 2024 సెప్టెంబర్ 6న వచ్చింది. అది ఈమధ్య సినిమా ఎట్లా అవుతుందని అడగొద్దు. దాని తర్వాత చూసినవాటిలో సగం సినిమాల కథ ఇప్పుడు చెప్పమంటే నాకు గుర్తుకు రాదు. ఇది మటుకు మా ఇంట్లో ఇంకా నడుస్తోంది. రెండో ప్రశ్నకి నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. మా కందుకూరులో ఒక మంచి చిన్న సినిమా విడుదలయ్యాక రెండో శనివారం దాకా ఆడితే కళ్ళారా చూడాలి. నేను ఎదురు చూస్తున్నది దానికోసమే. హీరో ఎవరైనా పర్వాలేదు.

చిన్న సినిమాలకి జనం రావట్లేదు, అందరూ ఇంట్లో ఫోన్లు పట్టుకుని కూర్చుంటున్నారు అని ప్రతి ఇంటర్వ్యూలో ఎవరో ఒకరు బాధపడుతుంటారు. పచ్చి అబద్ధం. జనం వస్తారు. వాళ్ళు వచ్చేసరికి సినిమా ఉండదు.

ఆ '35' లెక్కల సినిమా సంగతే తీసుకోండి. అది వచ్చిన వారం విజయవాడలో బుడమేరు వరద. టీవీ పెడితే అవే నీళ్ళు, అవే పడవలు. సినిమాకి పోదామన్న మూడ్ ఎవరికీ లేదు. పైగా ముందు వారం వచ్చిన నాని సినిమా, ముందు రోజు వచ్చిన విజయ్ డబ్బింగ్ సినిమా హాళ్ళు పట్టేసుకున్నాయి. మాది ఎలక్ట్రికల్ షాపు, వారాంతంలో కదలడానికి వీల్లేదు. బుధవారం ఫస్ట్ షోకి బయల్దేరాం. నేను, మా ఇంటావిడ, అప్పుడు ఏడో తరగతి చదువుతున్న మా పాప, మా బావమరిది. లెక్కల్లో తప్పే పిల్లోడి కథ అని తెలిసి పాపే పట్టుబట్టింది. ఎందుకో నేను చెప్పక్కర్లేదు.

బుకింగ్ దగ్గర మేము కాక ఒక జంట ఉంది. లోపలున్నాయన టికెట్లు చింపకుండా కూర్చున్నాడు.

"ఆరుగురే ఉన్నారన్నా. పదిహేను మంది అయితేనే ఆట."

"ఏందయ్యా ఈ పదిహేను లెక్క? ఎవరు పెట్టారు?"

"ఓనర్ పెట్టాడు. కరెంటు ఖర్చన్నా రావాలి కదా."

మా ఇంటావిడ "పదండి, ఇంటికి పోదాం" అంది. పాప మొహం చూసి నేను ఎదురుగా ఉన్న టీ కొట్టుకి పోయా. తెలిసిన కుర్రాళ్ళు నలుగురు నిలబడి ఉన్నారు.

"ఏం సినిమా అన్నా?"

"లెక్కల్లో పాసవడానికి తిప్పలు పడే పిల్లోడి కథరా."

"దానికి డబ్బులిచ్చి చూడాలా? మేం పడ్డాం కదా ఆ తిప్పలు."

టీ డబ్బులు నేనిస్తానంటే ఇద్దరు కదిలారు. ఎనిమిది. పక్క సందులో లెక్కల ట్యూషన్ చెప్పే మాస్టారు ఉన్నాడు, మా షాపులోనే ట్యూబ్‌లైట్లు కొంటాడు. తలుపు దగ్గర నిలబడి, "మాస్టారూ, మీ సబ్జెక్టు మీద సినిమా తీస్తే ఆట ఆగిపోయేట్టుంది" అన్నా. ఆయన గడియారం చూశాడు, బోర్డు చూశాడు, పిల్లల్ని చూశాడు. ఇళ్ళకి ఫోన్లు చేసి, ఒప్పుకున్న ఐదుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పద్నాలుగు. ఆ చివరి మనిషి కోసం మా బావమరిది రోడ్డు మీద నిలబడ్డాడు. సింగరాయకొండ బస్సు తప్పిపోయిన ఒక పెద్దాయన దొరికాడు. ఆయన సినిమా పేరు అడగలేదు, హీరో ఎవరని అడగలేదు.

"ఏసీ ఉందా అబ్బాయ్?"

"ఉంది తాతా."

"అయితే ఒకటి ఇవ్వు."

లోపలికి పోయాక ఏసీ వెయ్యలేదు. పదిహేను మందికి ఫ్యానేనంట, ముప్పై దాటితేనే ఏసీ. ఈ రెండో లెక్క ముందు చెప్పలేదు. మొదటి అరగంట పెద్దాయన తెర వైపు చూడనే లేదు, గేట్ దగ్గర కుర్రాడితో కొట్లాడుతూనే ఉన్నాడు.

సినిమా మీలో చూడనివాళ్ళకి ఒక ముక్క చెప్తా. తిరుపతిలో ఒక మామూలు కుటుంబం. పెద్ద పిల్లోడికి లెక్కలు ఎక్కవు, ఎందుకంటే వాడికి మొదట్లోనే ఒక సందేహం వచ్చి అక్కడే ఆగిపోయాడు. సున్నాకి విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎందుకవుతుంది? ఆ మాట తెర మీద వినపడగానే ముందు వరసలో ఉన్న ఐదుగురు పిల్లలూ ఒక్కసారి వెనక్కి తిరిగి మాస్టారి వైపు చూశారు. "ముందు సినిమా చూడండి, రేపు చెప్తా" అన్నాడాయన. హాలంతా నవ్వు. హాలంతా అంటే మేమే.

ప్రియదర్శి వేసిన లెక్కల మాస్టారు పిల్లోడిని 'జీరో' అని పిలుస్తుంటే మా పెద్దాయన ఏసీ గొడవ మానేసి, "ఆ అయ్యవారికి ఎవరన్నా చెప్పండయ్యా" అని తెరతో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇంటర్వెల్‌లో మాత్రం నా దగ్గరికి వచ్చి, "మా కాలంలో అయితే తొడపాశం పెట్టేవాళ్ళు, ఈయన నయం" అని తీర్పు మార్చేశాడు. రెండో సగంలో, పదో తరగతి తప్పిన తల్లి కొడుక్కి చెప్పడం కోసం తనే కూర్చుని లెక్కలు నేర్చుకుంటుంది. అక్కడ మా ఇంటావిడ నన్ను మోచేత్తో పొడిచింది. ఆ పోటుకి అర్థం, రేపటి నుంచి పాప లెక్కల పుస్తకం ముందు నువ్వే కూర్చోవాలి అని. కూర్చుంటున్నా. ఆల్జీబ్రా దాకా వచ్చాం.

మాస్టారు ట్యూషన్‌కి వచ్చే తల్లులందరికీ చెప్పాడు. శుక్రవారం నుంచి మా షాపుకి వచ్చిన ఆడవాళ్ళు బల్బు కొంటూ, "ఆ లెక్కల సినిమా ఏ హాల్లో అన్నా?" అని అడగటం మొదలైంది. ఏ హాల్లోనూ లేదు. అప్పటికే వేరే వాల్‌పోస్టర్ అతికించేశారు. నెల తిరక్కముందే ఓటీటీలోకి వెళ్ళిపోయింది. తర్వాత తెలంగాణ ప్రభుత్వం 2024 సినిమాలకి గద్దర్ అవార్డులు ఇస్తే ఉత్తమ నటి ఎవరు? ఇదే సినిమాకి నివేదా థామస్.

మా వైపు ఒక సినిమా బాగుందన్న మాట ఇల్లు దాటి ఇంకో ఇంటికి చేరడానికి వారం పడుతుంది. ఇంటర్నెట్‌లో వచ్చే రేటింగులు మా ఆడవాళ్ళు చూడరు, చూసినా నమ్మరు. పక్కింటామె చెప్పాలి. ఆమె చూడాలంటే ఆదివారం రావాలి. హాల్లో సినిమాకి ఇచ్చేదేమో మూడు రోజుల గడువు. నా దృష్టిలో తెలుగు సినిమాకి అసలైన రివ్యూ రెండో సోమవారం మ్యాట్నీ. అది చూడకుండా హిట్టు, ఫట్టు అనడానికి ఎవరికీ హక్కు లేదు.

హాలు ఓనర్ల మీద నాకు కోపం లేదు (ఏసీ విషయంలో తప్ప). వాళ్ళ బాధ వాళ్ళది. 2025 మేలో మన రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామని కూర్చున్నారు, గుర్తుందా? పెద్ద సినిమాకి జనం విరగబడే మొదటి వారం మాకు అద్దె మాత్రమే ఇస్తారు, జనం తగ్గాక వసూళ్ళలో పర్సంటేజీ అంటారు, మొదటి నుంచీ పర్సంటేజీయే కావాలి అని వాళ్ళ గోల. తర్వాత ఆ బంద్ లేకుండానే సర్దుకున్నారు. నాకైతే వాళ్ళడిగింది న్యాయమే అనిపించింది. పెద్ద సినిమా మీద నాలుగు రూపాయలు మిగిలితే కదా చిన్న సినిమాని ఇంకో వారం భరించేది.

ఇంకోటి. సినిమాలన్నీ పండక్కే ఎందుకు రావాలి? 2026 సంక్రాంతికి జనవరి 9 నుంచి 14 లోపల ఐదు తెలుగు సినిమాలు వచ్చాయి. మా ఊళ్ళో తెరలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఐదూ చూడాలంటే ఇంట్లో అరిసెలు ఎవరు తినాలి? పండగ పోతే పిల్లల పరీక్షలయ్యేదాకా హాళ్ళల్లో ఈగలు. పొగాకు వేలం మొదలై రేటు పలికితే మళ్ళీ జనం కనపడతారు. కందుకూరులో సినిమా రిలీజ్ డేట్ పెట్టాలంటే పంచాంగం బదులు వేలం కేంద్రంలో కిలో రేటు చూడాలని నేను ఎప్పటి నుంచో చెప్తున్నా, ఎవరూ వినరు.

టికెట్ రేట్ల సంగతి ఎత్తితే రాత్రి నిద్ర పట్టదు, అయినా ఎత్తుతా. 2021లో గ్రామ పంచాయతీల్లో ఏసీ లేని హాల్లో అడుగు తరగతి టికెట్ ఐదు రూపాయలు అని జీవో వచ్చింది. ఐదు రూపాయలకి సమోసా కూడా రాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గితే సంతోషించాం. మూడు రోజులు తిరిగేసరికి 'ఓజీ' వచ్చింది. ప్రీమియర్ ఆటకి వెయ్యి రూపాయలు, ఆ తర్వాత పది రోజులు మామూలు హాళ్ళలో టికెట్‌కి 125 రూపాయల దాకా పెంచుకోవచ్చు అని ఇంకో జీవో. ఐదుకీ వెయ్యికీ మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగొచ్చు కదా సామీ! మా బావమరిది ఆ వెయ్యి రూపాయల ఆటకి పోయొచ్చాడు. వారం పాటు గొంతు లేదు. షాపులో బేరాలన్నీ సైగలతోనే చేశాడు.

మా వైపు ప్రేక్షకుల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, అది కూడా ఒక కారణం. మా కందుకూరుని ఒకసారి ప్రకాశంలో, ఒకసారి నెల్లూరులో పెట్టి జిల్లాల గీతలు ఎన్నిసార్లు మార్చినా సినిమా వ్యాపారంలో నెల్లూరు ఒక ఏరియా. కలెక్షన్ల పట్టిక చూడండి, నైజాం, అంటే తెలంగాణ, పైన ఉంటుంది, నెల్లూరు అట్టడుగున ఉంటుంది. సినిమాని ఇచ్చిన విషయంలో మటుకు మేం అట్టడుగు కాదు. పాట రాసిన ఆత్రేయ, పాడిన బాలసుబ్రహ్మణ్యం నెల్లూరు జిల్లా బిడ్డలు. భానుమతి పుట్టింది ఒంగోలు పక్కన దొడ్డవరంలో. తెర మీద మమ్మల్ని ఎట్లా చూపిస్తారంటారా? 2021 సంక్రాంతికి ఒంగోలు కథ అని 'క్రాక్' వచ్చింది, తీసిన గోపీచంద్ మలినేని కూడా మా ప్రకాశం మనిషే. తీరా చూస్తే గాడిద రక్తం తాగి పరుగెత్తే రౌడీలు. విజిల్ వేసి చూశాననుకోండి. హైదరాబాద్‌లో ఉండే మా తోడల్లుడు మాత్రం ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు గాడిదల యోగక్షేమాలు అడుగుతాడు.

రీ-రిలీజుల మీద కూడా నాకు గుర్రు. చిన్న సినిమా ఆడాల్సిన ఆ ఖాళీ వారాన్ని కూడా పాత సినిమాలు మింగేస్తున్నాయి. తెర ముందు కాగితాలు చింపి పోయడానికి, పాటలకి గంతులెయ్యడానికి వస్తున్నారు జనం. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 'ఆదిత్య 369'కి మాత్రం మినహాయింపు ఇస్తున్నా. 1991లోనే టైమ్ మెషీన్ తీసిన సింగీతం శ్రీనివాసరావు గారిది మా ఉదయగిరి. పక్షపాతమే, కాదనను.

సరే, రాబోయే పెద్ద సినిమా ఒక్కటన్నా చెప్పకపోతే జవాబు లెక్కలోకి రాదంటారేమో. రాజమౌళి 'వారణాసి'. 2025 నవంబర్ 15న రామోజీ ఫిల్మ్ సిటీలో పేరు చెప్పారు, 2027లో అన్నారు. పెద్ద సినిమాల డేట్లని నేను నమ్మను. 2025 డిసెంబర్‌లో 'అఖండ 2' ప్రీమియర్ కొన్ని గంటల్లో ఉందనగా ఆగిపోయి, వారం తర్వాత 12న వచ్చింది. ఎప్పుడొచ్చినా 'వారణాసి'ని మాత్రం సూళ్ళూరుపేట పోయి 106 అడుగుల వెడల్పు తెర మీద చూడాలని మా ఇంట్లో తీర్మానం. ఆ హాలు 2019 ఆగస్టులో మొదలైనప్పుడు నెల్లూరు జిల్లా అంతా కాలరెగరేసింది, 2022లో ఊరే తిరుపతి జిల్లాలోకి పోయింది. కారు మాది. డీజిల్ ఎవరు కొట్టించాలన్న దగ్గర బావమరిదితో ఇప్పటికే మాటా మాటా అయింది.