కేర్ హోమ్ డ్యూటీ అంటే ఆయా పనేనా సిస్టర్?

ప్రశ్న: సిస్టర్ గారూ నమస్తే. మాది గాజువాక. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయ్యాక నాలుగేళ్లు ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో మెడికల్ వార్డులో చేశాను. ఇప్పుడు మధురవాడ వైపు పెద్దవాళ్ల కేర్ హోమ్‌లో రమ్మంటున్నారు, జీతం కూడా కొంచెం ఎక్కువే. మా ఫ్రెండ్స్ ఏమో అది ఆయా పని, అక్కడికెళ్తే వచ్చిన పని కూడా మర్చిపోతావ్ అంటున్నారు. నిజమేనా? అక్కడికెళ్లాలంటే కొత్తగా ఏం నేర్చుకోవాలి?

జవాబు: ముందు ఆ ఫ్రెండ్స్‌ని ఒక్క నైట్ డ్యూటీ అక్కడ చేసి రమ్మను తల్లీ, తర్వాత మాట్లాడదాం. నేనూ అలా అనుకున్నదాన్నే. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒక హోమ్‌లో రెండేళ్లు చేశా, మొదటి నెల్లోనే తల తిరిగిపోయింది. వార్డులో ఏం తేడా వచ్చినా మానిటర్ మోగుద్ది, లేకపోతే డ్యూటీ డాక్టర్ పక్క రూములోనే ఉంటాడు. ఇక్కడ డాక్టర్ వారానికి ఒకటో రెండో సార్లు వచ్చి చూసెళ్తాడు, మిగతా టైమంతా నువ్వే. అందుకే ఒక్కొక్కరూ మామూలుగా ఎలా ఉంటారో నీకు తెలిసుండాలి, ఎన్ని ఇడ్లీలు తింటారు, రాత్రి ఎన్నిసార్లు బాత్రూమ్‌కి లేస్తారు, దేనికి చిరాకు పడతారు, అన్నీ. అది తెలిస్తేనే ఇవాళ ఏదో తేడాగా ఉందే అని పట్టుకోగలవు.

మా దగ్గర స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరైన తాతగారు ఒకాయన ఉండేవారు, పొద్దున్న ఆరైతే చాలు పేపర్ ఇంకా రాలేదేంటమ్మా అని ఒకటే గోల. ఒకరోజు అడగలేదు. జ్వరం లేదు, బీపీ బానే ఉంది, నొప్పేమీ లేదన్నారు, సాయంత్రానికి నన్ను వాళ్ల చెల్లెలనుకుని పలకరిస్తున్నారు. కేర్‌టేకర్ అమ్మాయి "వయసు కదా సిస్టర్, చాదస్తం" అనేసింది. యూరిన్ టెస్ట్ చేయిస్తే ఇన్ఫెక్షన్. పెద్దవాళ్లలో ఇన్ఫెక్షన్ ఉంటే జ్వరం వచ్చి తీరాలని లేదు, ఉన్నట్టుండి తికమక పడటమే మొదటి గుర్తు కావచ్చు, దాన్నే డెలీరియం అంటారు, నువ్వు చదివే ఉంటావ్, పరీక్ష రాసేసి మర్చిపోయుంటావ్. నెలలకొద్దీ మెల్లగా ముదిరే మతిమరుపు వేరు, ఒకట్రెండు రోజుల్లో వచ్చిపడేది వేరు, ఈ రెండోది చూస్తే రేపటిదాకా ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ కొట్టాలి.

ఇక ఆయా పని అన్నారు కదా. స్నానం చేయించేటప్పుడు, డైపర్ మార్చేటప్పుడు కాకపోతే ఆ మనిషి వీపు నీకు ఇంకెప్పుడు కనపడుద్ది చెప్పు? మంచం పట్టినవాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని అందరికీ తెలుసు, తిప్పినప్పుడు చూడటమే చాలామందికి రాదు. నడుం కింద ఎముక, తుంటి, మడమలు, ఇవి రోజూ చూడాలి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదులు, ఆ ఎరుపు పోయి మళ్లీ వస్తే ఇంకా టైముంది, నొక్కినా పోకపోతే బెడ్‌సోర్, అదే మంచం మీద ఒత్తిడికి పడే పుండు, మొదలైనట్టే. కానీ పుస్తకాల్లో ఎరుపు ఎరుపు అని రాస్తారు గానీ మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు అంత తేలిగ్గా కనపడదు, అందుకని చేత్తో తాకి చూడు, చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా, గట్టిగా ఉందా, లేకపోతే మరీ మెత్తగా ఉందా అని. అక్కడ మాలిష్ మాత్రం వద్దు, రక్తం ఆడుద్దని రుద్దేస్తారు, లోపల ఇంకా పాడవుద్ది. పైగా మన వైజాగ్ ఉక్కపోత, మే నెలలో రబ్బరు షీట్ మీద పడుకున్న వీపు ఎలా నానిపోతుందో చూస్తే గానీ తెలీదు. ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని తిప్పడం మానేసేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లతో గొడవ పడాల్సొస్తుంది, పడు.

మందుల దగ్గర రెండే చెప్తా. మింగలేకపోతున్నారని ప్రతి టాబ్లెట్టూ దంచి రాగిజావలో కలిపెయ్యకు, ఎస్ఆర్ అని ఉన్నవి మెల్లమెల్లగా పనిచెయ్యడానికి చేసినవి, పొడి చేస్తే డోసంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుద్ది, డాక్టర్‌నడిగి వేరేది రాయించుకో. ఇన్సులిన్ ఏమో టిఫిన్ ప్లేటు ఎదురుగా వచ్చాకే, ఎందుకంటే వీళ్లు తింటాననే అంటారు, రెండు ముద్దలు తిని ప్లేటు పక్కన పెట్టేస్తారు. అన్నట్టు స్ట్రోక్ వచ్చినవాళ్లకి అన్నం కంటే మంచినీళ్లే ఎక్కువ పొలమారతాయి, నిటారుగా కూర్చోబెట్టి పెట్టాలి, తిన్నాక అరగంటైనా పడుకోనివ్వద్దు.

శ్రీకాకుళం వైపు మామ్మ ఒకావిడుండేది, డిమెన్షియా, అదే ఆ మెల్లగా ముదిరే మతిమరుపు. సాయంత్రం ఐదవగానే చీరలన్నీ సంచిలో కుక్కుకుని గేటు దగ్గరకొచ్చేది, "నానింటికెల్లిపోవాల, ఆవుకి గడ్డెయ్యాల" అని. ఇదే మీ ఇల్లు మామ్మా అని కొత్త సిస్టర్ ఒకమ్మాయి గంటసేపు వాదించింది, మామ్మ ఏడుపు, ఈ పిల్లకీ ఏడుపు. మర్నాడు నేనెళ్లి "మీ ఆవు ఎన్ని పాలిచ్చేదేటి మామ్మా" అన్నా. అంతే, ఆవు కథ మొదలైంది, మాటల్లోనే చిక్కుడుకాయలు ముందు పెడితే ఒలుస్తూ కూర్చుంది, సంచి సంగతే మర్చిపోయింది. రోజూ పనిచేస్తుందని చెప్పను, మూడు రోజులకోసారి గేటు దాకా చెయ్యి పట్టుకుని నడిచి రావాల్సిందే. ఇది సర్టిఫికెట్ కోర్సు ఒక్కటే చేస్తే వచ్చేది కాదు, మన యాస రావడం కూడా ఇక్కడ పనికొచ్చే విద్యే.

వెళ్లు తల్లీ. చేరే ముందు రాత్రిపూట ఎంతమందికి ఒక సిస్టర్, అవసరమైతే ఏ డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి, ఈ రెండూ అడుగు, నీళ్లు నమిలితే మాత్రం ఇంకోచోట చూసుకో.

ప్రశ్న: నేను సీతమ్మధారలో ఒక హోమ్‌లో చేస్తున్నా సిస్టర్. మొన్న రాత్రి ఒక ఆంటీ బాత్రూమ్‌లో జారిపడ్డారు, దెబ్బలేమీ కనపడలేదు. అమెరికాలో ఉన్న కొడుక్కి చెప్పొద్దు, టెన్షన్ పడతారు అన్నారు మా మేనేజర్. ఏం చెయ్యాలి?

జవాబు: చెప్పాలి. టెన్షన్ పడటం ఆయన హక్కు, దాచడానికి మీ మేనేజర్ ఎవరు? రిజిస్టర్‌లో టైముతో సహా నీ చేత్తో రాసి సంతకం పెట్టు, మార్చమంటే మార్చకు. కనపడలేదు అన్నావు చూడు, అక్కడే భయం. ఆవిడ రక్తం పల్చబడే మందులు వాడుతూ తలకి దెబ్బ తగిలుంటే పైకి బానే ఉన్నా హాస్పిటల్‌కి తీసుకెళ్లాల్సిందే, లోపల రక్తం కారడం కొన్నిసార్లు రోజుల తర్వాత బయటపడుద్ది, కాబట్టి ఆ మందుల లిస్టు ఇవాళే తీసి చూడు. ఇంకోసారి ఎవరైనా పడితే గబుక్కున చంకలకింద చేతులేసి లేపెయ్యకు. ముందు కాళ్లు చూడు, ఒక కాలు పొట్టిగా అనిపించి పాదం బయటికి తిరిగుంటే తుంటి ఎముక విరిగుంటుంది, కదపకుండా తలకింద ఏదైనా పెట్టి దుప్పటి కప్పి 108కి ఫోన్ చెయ్యి, మేనేజర్‌కి ఆ తర్వాత.