ఘంటసాల ప్రైవేటు ప్లేటు దొరికిందా? ముందు మోగించకండి

ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఘంటసాల గారి సినిమాయేతర పాట (ప్రైవేటు) గ్రామఫోన్ ప్లేటు దొరికిందనీ, ఆ పాట నెట్‌లో ఎక్కడా లేదనీ, ఎలా వినాలనీ అడిగారు. అదృష్టవంతులండీ. ప్రైవేటు రికార్డులంటే అందరూ ‘పుష్పవిలాపం’ దగ్గరే ఆగిపోతారు. నా లెక్కలో ఆయన గొంతు నిండుగా వినపడేది ఇలాంటి ప్లేట్లలోనే.

ఇత్తడి బూరా ఉన్న కీ గ్రామఫోన్ మీద మాత్రం పెట్టొద్దు. దాని ఉక్కు ముల్లు పాడిన ప్రతిసారీ గాడిని కొంత గీకేస్తుంది. షోకేసు కోసం కొత్తగా చేసి పాతవని అంటగట్టే బూరాలైతే మరీ ఘోరం.

పది అంగుళాలుండి, బరువుగా, కింద పడితే పెంకులా పగిలేదైతే అది 78 స్పీడు (నిమిషానికి 78 చుట్లు తిరిగే) లక్క ప్లేటు. లేబుల్ మీది నంబరు రాసుకోండి. పాట గాడులు అయిపోయాక లేబుల్ చుట్టూ నున్నటి పట్టీ ఉంటుంది. దానిమీద టార్చి ఏటవాలుగా వేస్తే చిన్న అంకెలు కనపడతాయి, అవి మాతృక (మ్యాట్రిక్స్) నంబర్లు, అంటే ఆ రికార్డింగుకి కంపెనీ ఇచ్చిన గుర్తు. పాట పేరుతో కాదు, ఈ నంబర్లతో వెతకండి. పేర్ల స్పెల్లింగు ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు.

ఇక కడగడం. స్పిరిట్ చుక్క కూడా తగలకూడదు. పాలిష్ కోసం వడ్రంగులు లక్కను కరిగించేది స్పిరిట్‌లోనే, మీ ప్లేటూ అలాగే కరుగుతుంది. అర లీటరు నీళ్లలో రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ కలిపి, లేబుల్ తడవకుండా, మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే తిప్పండి. మన బోరునీళ్లు వద్దు. ఆరాక గాడిలో మిగిలే ఉప్పే చిటపటలాడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నిలబెట్టి, ఫ్యాను కింద ఆరనివ్వండి. ఎండలో పెడితే వంకర పోతుంది.

ముల్లు 78కి వేరే ఉంటుంది, మొన సుమారు 76 మైక్రాన్లు. ఎల్పీ (33 స్పీడు వినైల్ ప్లేటు) ముల్లు మొన 18 మైక్రాన్లే, అది గాడి అడుక్కి దిగి మురికిని గీకుతుంది. టర్న్‌టేబుల్‌లో (ప్లేటు తిప్పే కరెంటు మిషన్‌లో) 78 స్పీడు లేకపోతే 45లో తిప్పి రికార్డు చేసి, కంప్యూటర్‌లో వేగం 1.733 రెట్లు పెంచండి. 78 ఉంటే 77 గీతల స్ట్రోబ్ కాగితం (వేగం సరిచూసే గుండ్రటి కాగితం) ప్లేటు మీద పెట్టి, చోకు ఉన్న పాత ట్యూబ్‌లైటు కింద చూడండి. గీతలు కదలకపోతే వేగం సరిపోయినట్టే. ఎల్‌ఈడీ బల్బు కింద ఇది నమ్మలేం. వేగం ఆరు శాతం ఎక్కువైతే శ్రుతి ఒక స్వరస్థానం పైకెళ్తుంది, ఘంటసాల గొంతు పీలగా వినిపిస్తుంది.

మొదటిసారి మోగించేటప్పుడే రికార్డు చేయండి. రెండు ఛానళ్లనూ కలిపి మోనో చేస్తే గరగర చాలావరకు తగ్గుతుంది. దయచేసి ఎకో కలపకండి. పాత పాటల్ని బావిలో పాడినట్టు చేసి అప్‌లోడ్ చేసేవాళ్లను చూస్తే కడుపు మండుతుంది. ఏమీ మార్చని వేవ్ ఫైలు ఒకటి విడిగా దాచండి. రెండో వైపు కూడా అంతే జాగ్రత్తగా ఎక్కించండి.