చిన్నీ, ఆ ఆరంకెల్ని నమ్మి గుంటలు తవ్వించకు

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నాన్న వాటా రెండెకరాలకి నువ్వే దగ్గరుండి ఫెన్సింగ్ వేయిస్తున్నావంట, నాలుగు మూలల పాయింట్లూ, అంటే అక్షాంశం రేఖాంశం, ఫోన్లో మ్యాప్ చూసి చుక్క తర్వాత ఆరేసి అంకెలతో తీసేశావంట. కడుపు నిండిపోయింది తల్లీ, మన పిల్లల్లో గట్టు మీదకెళ్ళి నిలబడేది నువ్వొక్కదానివే. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు, పక్క చేను మీ బాబాయ్‌ది కదా.

స్తంభాలు, ముళ్ళతీగ సంగతి మేస్త్రీ చూసుకుంటాడు. డిగ్రీలు నిమిషాల్లో ఉన్నదాన్ని అలాగే చుక్క పెట్టి కొట్టకు, డిగ్రీకి అరవై నిమిషాలు కాబట్టి బెజవాడ అక్షాంశం 16 డిగ్రీల 30 నిమిషాలంటే 16.5, నువ్వు 16.30 అని కొట్టావంటే 22 కిలోమీటర్లు కిందకి జారి గుంటూరు లైన్లో తేలతావు. అంత పెద్ద తప్పయితే వెంటనే కనపడిపోద్ది, దానికి నాకు భయం లేదు. నా భయమంతా నాలుగు మీటర్ల తప్పు గురించి.

నువ్వు ఐదో క్లాసులో ఉన్నప్పుడు తెనాలి వైపు ఒక ఊళ్ళో అన్నదమ్ముల చేల మధ్య రెండు చివర్లా హద్దు రాళ్ళు పోతే చూపించమని నన్ను పిలిచారు. ఎఫ్ఎంబీ, అంటే సర్వే నంబరు కొలతలున్న సర్కారు పటం, దాని కాపీ పెట్టుకుని, నిలిచున్న పాత రాళ్ళ దగ్గర్నుంచి టేపుతో కొలుచుకుంటూ రావాలి, నాకు తెలియని పని కాదు. కానీ వానాకాలం, మోకాల్లోతు బురద, ఒళ్ళు బరువైంది. ఇంట్లో కంప్యూటర్లో శాటిలైట్ ఫొటో బాగా పెద్దది చేసి గట్టు చివర్ల మీద క్లిక్ చేశా, చుక్క తర్వాత ఆరంకెలు వచ్చినయ్. ఐదో అంకె అంటే మీటరు చిల్లర, ఆరో అంకె అంటే సగం జానెడు, ఇంతకన్నా కరెక్టుగా ఎవడు చెప్తాడు అనుకున్నా. జీపీఎస్ పట్టుకుని అంకెలు కలిసేదాకా నడిచి కర్ర పాతించా. అది చేతిలో కదలకుండా పట్టుకున్నా చివరి రెండంకెలు మారుతూనే ఉన్నయ్ చిన్నీ, కళ్ళారా చూశా, చూసి కూడా పాతించా. ఆ కర్రల వరసనే కంచె వేశారు.

కోతలయ్యాక ఆ అన్నదమ్ముల్లో పెద్దాయన టేపు పెట్టి కొలిస్తే కంచె ఆయన చేలోకి నాలుగు మీటర్లు వచ్చేసింది. గట్టు పొడవు వంద మీటర్లు, అంటే పది సెంట్లు. ఫొటో తీసిన కోణాన్ని బట్టి, దాన్ని నేల మీద పరిచేటప్పుడు వచ్చే తేడాని బట్టి బొమ్మే పక్కకి జరిగుంటది, నేను జరిగిన బొమ్మకి ఆరంకెలు రాసుకున్నా. పాత రాళ్ళ నుంచి మళ్ళీ కొలిచి, నా డబ్బుల్తో స్తంభాలన్నీ పీకించి జరిపించా. పీకిన చోట సిమెంటు ముద్దలు అట్టా గట్టు మీదే ఉండిపోయినయ్. కంచె వెనక్కి జరిగింది గానీ మాటలు జరగలేదు, వాళ్ళమ్మ పోయిన రోజు కూడా ఇద్దరూ చెరో వైపు నిలబడ్డారు, నేను అక్కడే ఉన్నా.

నీ ఫోను కూడా అంతేనమ్మా, ఆకాశం బాగా కనపడే చోట కూడా ఐదు మీటర్లు అటూఇటూ, కొబ్బరి చెట్ల కింద ఇంకా ఎక్కువ. నమ్మకం కుదరకపోతే గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఫొటోలు మార్చి మార్చి చూడు, అదే బావి గట్టు కాస్త కాస్త జరుగుతా కనపడుద్ది. పాత టోపో షీటు, అదే సర్వే ఆఫ్ ఇండియా పాత పటం, దాని మీద నుంచి పాయింటు అస్సలు తియ్యొద్దు, భూమి ఆకారాన్ని లెక్కగట్టే పద్ధతి రెంటికీ వేరు, వాటి లెక్క ఎవరెస్ట్, ఫోను లెక్క డబ్ల్యూజీఎస్ 84, మన వైపు వంద మీటర్లకి పైనే తేడా పడుద్ది. సెంటీమీటర్లలో కావాలంటే రోవర్ పెట్టాలి, అంటే సర్వే వాళ్ళ ఖరీదైన జీపీఎస్ లాంటి యంత్రం, సర్కారు భూముల రీసర్వేలో వాడింది అదే. దాంతో తీసినా సరే పాత రాయితో సరిచూసుకోకుండా గుంట తవ్వొద్దు. చేలోకి దారి వెతుక్కోడానికి, బోరు ఏ మూలనుందో గుర్తు పెట్టుకోడానికి ఫోను బంగారం, హద్దుకి మాత్రం వద్దు.

మేస్త్రీకి ఇయ్యాలే ఫోన్ చేసి పని ఆపు. అడ్వాన్స్ ఇచ్చేశానని మొండికెయ్యకు, మీ నాన్న కూడా ఇట్టాగే మొండికేసేవాడు. సచివాలయంలో సర్వేయర్‌కి అర్జీ పెట్టు. బాబాయ్‌కి మనిషితో కబురు పంపడం కాదు, నువ్వే వెళ్ళి కాఫీ తాగి చెప్పు, కొలిచే రోజు ఆయన టేపు రెండో చివర పట్టుకోవాలి.

ఆదివారం పొద్దున్నే ఆరింటి బస్సుకి నేనూ వస్తున్నా. మోకాళ్ళ గురించి మీ అత్త అరుస్తది, నువ్వు మాట్లాడకు. ముప్పై మీటర్ల టేపు నా దగ్గరుంది, సున్నం నువ్వు తెప్పించు.

మీ పెద్దమావయ్య,
బ్రాడీపేట, గుంటూరు