చరిత్రలో పోస్ట్‌డాక్ దొరుకుతుందా?

ప్రశ్న: చరిత్రలో పీహెచ్‌డీ ఈ ఏడాదే పూర్తయింది. పీహెచ్‌డీ తర్వాత చేసే పోస్ట్‌డాక్ పరిశోధనలన్నీ సైన్సు వాళ్లకేనా మేడమ్? ఒకటే టెన్షన్‌గా ఉంది. – ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: కాదమ్మా. జర్మనీలోని హంబోల్ట్ ఫెలోషిప్ అన్ని సబ్జెక్టులకూ ఇస్తారు. పోస్ట్‌డాక్‌కైతే పీహెచ్‌డీ పూర్తయి 4 ఏళ్లు దాటకూడదు. మన దగ్గర ఐసీఎస్ఎస్ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) ఫెలోషిప్ కూడా ఉంది. అయితే హంబోల్ట్‌కు ముందుగా అక్కడి ప్రొఫెసర్ ఒకరు మిమ్మల్ని తీసుకోవడానికి ఒప్పుకోవాలి. అసలు పనంతా ఆయనకు రాసే మెయిల్‌లోనే ఉంది. అలాంటివి నాకూ వస్తుంటాయి. పది మందికి ఒకేలా పంపినది మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. ఆయన వ్యాసం ఒకటి పూర్తిగా చదవండి. అందులో ఏ శాసనం గురించి ఏమన్నారో, మీ థీసిస్‌లోని ఆధారం దానికి కొత్తగా ఏం చేరుస్తుందో రెండు ముక్కల్లో రాయండి. జవాబు రాకపోతే రెండు వారాలాగి మళ్లీ రాయండి, మొహమాటం వద్దు. సిఫారసు లేఖ మాత్రం మీ గైడ్‌ను ఇప్పుడే అడగండి. నేను చూసినంతలో ఆలస్యమయ్యేది అక్కడే.