మెతుకు పట్టి చూసేముందు

విజయనగరం,
ఆదివారం పొద్దున్న.

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. "ఫాస్ట్ ఫుడ్ మన సమాజాన్ని కబళిస్తోంది" అని మొదలుపెట్టావు. కబళం తిండిమాటే కనక చమత్కారం బాగానే కుదిరింది. కానీ ఏ ఫాస్ట్ ఫుడ్? రెండో పేరాలో అమెరికా బర్గర్లు, మూడో పేరాలో మీ శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గర నూడుల్స్ బండి, నాలుగో పేరాలో చిప్స్ ప్యాకెట్లు. మన జిల్లాల్లో ఎవర్నడిగినా ఫాస్ట్ ఫుడ్ అంటే చక్రాల బండి, భగ్గున లేచే మంట, కళాయి మీద గరిటె మోత, ఎగ్ ఫ్రైడ్ రైస్, మంచూరియా. నువ్వేమో బర్గరు మీది నేరం తెచ్చి ఈ బండి మెడలో కట్టావు. బండతను నీ వ్యాసం చదివితే "ఇది నా సంగతి కాదు" అని ఆ కాయితంలోనే ఉల్లిపాయలు పొట్లం కడతాడు.

"తింటే లావైపోతారని శాస్త్రవేత్తలు తేల్చారు" అన్నావు. ఎవరు, ఎలా తేల్చారో రాయలేదు. నేను రాస్తాను, చూడు. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందిని నాలుగు వారాలు తమ దగ్గరే ఉంచుకుంది. రెండు వారాలు ఫ్యాక్టరీల్లో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు వంట. ఎవరికి ఏది ముందన్నది చీటీ వేసినట్టు తేల్చారు. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి తిన్న రోజుల్లో మనిషి రోజుకి సగటున 500 క్యాలరీల దాకా ఎక్కువ తిన్నాడు, రెండు వారాల్లో దగ్గర దగ్గర 0.9 కిలో బరువు పెరిగాడు. ఆ మనుషులే రెండూ తిన్నారు కనక తేడా తిండిదే అనడానికి బలం ఉంది. ఇది నీ చిప్స్ పేరాకి బాగా పనికొస్తుంది. నీ కళ్లముందే క్యాబేజీ తరిగే బండికి మాత్రం సగమే. నూడుల్సూ సాసులూ ఫ్యాక్టరీవేగా, అందుకని సగం.

ఇప్పుడు నా సిగ్గుమాలిన పని ఒకటి చెప్తాను.

చాలా ఏళ్ల కిందట మా వీధి చివర ఒక ముసలమ్మ ఇడ్లీ మెస్ నడిపేది. ఎదురుగా ఎవరో నూడుల్స్ బండి పెట్టారు. మూడు నెలలకి మెస్ మూతపడింది. ఇంకేం కావాలి నాకు! "ఆవిరి కుడుముని మింగేసిన మంట" అని శీర్షిక పెట్టి ఒక పత్రికలో రాసేశాను. అందరూ మెచ్చుకున్నారు. వారం తిరక్కుండా ఆ ముసలమ్మ కర్ర పట్టుకుని మా అరుగు మీదకొచ్చి కూచుంది. "ఏటి బాబూ, అలాగ రాసీసినావు? నా మోకాళ్లు పట్టీసినాయి. పిండి రుబ్బే కోడలు ఇశాపట్నం ఎలిపోనాది. ఆడొచ్చీది సాయంత్రం, నాను అమ్మీది పొద్దున్న. ఆడికీ నాకూ తగువేటి?" అంది. పైగా రోజూ రాత్రి తను ఇంటికెళ్లే ముందు ఆమె సామాను సర్దిపెట్టింది ఆ బండి కుర్రాడేనట.

దీన్నే మనవాళ్లు కాకతాళీయం అన్నారు. కాకి వాలింది, తాటిపండు పడింది. పండు ముగ్గిపోయి ఉందేమో నేను చూడలేదు. కాకి నల్లగా, ఎదురుగా, తిట్టడానికి వీలుగా కనిపించింది, అంతే. నీ వ్యాసంలో ఇలాంటి కాకులు నేను లెక్కపెట్టినవి నాలుగు.

అందులో పెద్దది "ఫాస్ట్ ఫుడ్ వల్ల కుటుంబాలు కలిసి భోంచేయడం మానేశాయి" అన్నది. పైడిభీమవరం వైపు మందుల కంపెనీల్లో షిఫ్టు చేసొచ్చే ఆడవాళ్లని చూశావా? మొన్నామధ్య రాత్రి ఎనిమిది దాటాక కంపెనీ బస్సు దిగిన ఒకామె బండి దగ్గర నిలబడి ఫోనులో పిల్లాణ్ని అడుగుతోంది, "ఎగ్గేయించనా, ప్లెయినా?" అని. ఒక నూడుల్స్, ఒక ఫ్రైడ్ రైస్ పార్సిల్ కట్టించుకుంది. ఒక పొట్లాం విప్పి చూసి, "అన్నం ఇంకో గరిటె వెయ్యి, ముగ్గురం తినాలి" అంది. ఆ ఇంట్లో వంట లేకపోవడానికి బండి కారణమా, లేక వంటకి పొద్దు లేకపోబట్టి బండి దగ్గరకొచ్చిందా? ఆ పొట్లాం చుట్టూ ముగ్గురూ కలిసే కూచుంటారేమో కూడా. కారణం ఏ వైపు నుంచి ఏ వైపుకి పోతోందో తేల్చకుండా నువ్వు కుటుంబం విరిగిపోయిందని రాశావు. అసలు కోపం రావలసింది వంట ఒక్కరి నెత్తిమీదే ఎందుకుందన్న దానిమీదేమో. అది వేరే వ్యాసం. అదీ రాయి.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. నిజమే, ఎందుకంటే గిన్నె ఒకటి, నీళ్లు ఒకటి, కింద మంట ఒకటి. ఊరు అలా ఉడకదు. కాలేజీ గేటు దగ్గర ఒక్క సాయంత్రం నిలబడి "యువత అంతా బయటే తింటోంది" అన్నావు. పైడితల్లి సిరిమాను పండగ రోజున మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడితే విజయనగరంలో ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదనే రాస్తాం. కాలేజీ దగ్గరొకసారి, బస్ కాంప్లెక్స్ దగ్గరొకసారి, ఇళ్ల మధ్యలో ఒకసారి లెక్కపెట్టు. జీతాలొచ్చే వారంలోనూ, నెలాఖర్లోనూ వెళ్లు. నిలబడి తినేవాళ్లెందరో, పార్సిల్ పట్టుకెళ్లేవాళ్లెందరో విడిగా గీతలు గీసుకో.

లెక్కలు రచయిత పని కాదని నీకు ఎవరైనా చెబితే నమ్మకు. మా ఊరి గురజాడ కన్యాశుల్కానికి 1897లో రాసిన ముందుమాట తీసి చూడు. ఆనంద గజపతి మహారాజు విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయిస్తే 1034 తేలాయని రాశాడు. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. అంతటితో ఊరుకోలేదు. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు కనక ఆ జాబితా పూర్తిది కాదనీ తనే చెప్పాడు. తన సాక్ష్యంలో చిల్లు ఎక్కడుందో తనే వేలు పెట్టి చూపించాడు. ఆ చిల్లు వల్ల వాదం బలపడింది కూడా, అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుందని మనకే తడుతుంది. గిరీశాన్ని చూసి అందరం నవ్వుతాం గానీ ఆ నవ్వు కింద ఈ లెక్క ఉంది.

పూర్వపక్షం నువ్వసలు రాయలేదు. అవతలివాడి మాట అతను రాసుకునే దానికన్నా బాగా రాయి. హైదరాబాదు, చెన్నై హోటళ్లలో గిన్నెలు తోమి, కళాయి పట్టడం నేర్చుకుని, ఊరికి తిరిగొచ్చి బండి పెట్టుకున్నవాళ్లు ఎందరో. వలస పోకుండా బతికే దారి అది. దాన్ని ఒప్పుకున్నాకే నీ అభ్యంతరానికి విలువ. అజినమోటోని "విషం" అన్నావు, అది కొట్టెయ్. 1908లో కికునే ఇకెడా సముద్రపు నాచులోంచి వేరుచేసిన గ్లుటమేట్ అది, టమాటాలోనూ ఉంది. ఆ ఒక్క మాటతో నీ మిగతా నిజాలన్నీ అనుమానంలో పడతాయి. దాని బదులు ఉప్పు పట్టుకో. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాముల లోపే అంటోంది. అంటే ఒక టీ చెంచా. సోయా సాసు సీసా బోర్లించేటప్పుడు చూస్తూ నిలబడితే నీకే తెలుస్తుంది, గట్టిగా వాదించాల్సింది అక్కడని.

ఇంకొకటి, నీ వ్యాసంలో లేనిది. కొవ్వు, పంచదార, ఉప్పు మితిమీరిన తిళ్లు బడిలోనూ, బడి గేటుకి ఏ వైపైనా 50 మీటర్ల లోపూ పిల్లలకి అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. దీనికి అలంకారాలు అక్కర్లేదు. గేటు దగ్గర్నుంచి కొలిచి, ఎన్ని మీటర్లలో ఏం అమ్ముతున్నారో రాస్తే చాలు, చదివినవాళ్లే మిగతాది మాట్లాడతారు.

వచ్చే ఆదివారం కథల గ్రంథాలయం కథానిలయంలో పనుండి శ్రీకాకుళం వస్తున్నాను. నువ్వు చదివిన బడి దాకా వెళ్దాం, కొలుద్దాం. పొడుగు టేపు ఎవరైనా తాపీ మేస్త్రీనడిగి పట్రా. మా ఇంట్లో ఉన్నది టైలరు టేపు, అయిదడుగులు. దాంతో 50 మీటర్లంటే ముప్ఫైమూడు సార్లు వంగాలి, నా నడుం ఒప్పుకోదు.

ఆశీస్సులతో,
మాస్టారు