టోటల్ తప్పు పడింది, మేడమ్‌ని ఎలా అడగాలి?

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదువుతున్నాను. సైన్స్ పేపర్లో మేడమ్ 58 వేశారు. నేను కూడితే 64 వస్తోంది. అడిగితే మార్కుల కోసం పేచీ పెడుతున్నాననుకుంటారేమోనని భయం. నాన్న తానే వచ్చి మాట్లాడతానంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు నాన్నగారిని కాస్త ఆగమనమ్మా. పెద్దవాళ్లు నేరుగా వస్తే చిన్న కూడిక తప్పు కూడా ఫిర్యాదులా వినిపిస్తుంది. నువ్వు అడిగినా పని కాకపోతే అప్పుడు రావచ్చు.

అడిగేముందు ఇంకోసారి కూడు. ఈసారి పేజీల వారీగా కాదు, ప్రశ్నల వారీగా. ప్రశ్న నంబరు, దానికెదురుగా మార్కులు వేరే కాగితం మీద రాసుకో. అర మార్కులు మర్చిపోకు. మళ్లీ 64 వస్తే, ఆ ఆరు ఎక్కడ జారాయో వెతుకు. సరిగ్గా 6 మార్కులు పడిన జవాబేదైనా టోటల్లో కలవలేదేమో, అడిషనల్ షీట్ వదిలేశారేమో చూడు. ఛాయిస్ విభాగం మరీ ముఖ్యం. ఐదు రాయమంటే ఆరు రాశావనుకో, ఆరూ దిద్ది ఐదింటి మార్కులే కలిపి ఉండొచ్చు. అలాగైతే పొరపాటు నీ కూడికలోనే ఉంది.

పేపర్ మీద పెన్నుగానీ పెన్సిల్‌గానీ పెట్టకు. ఒక్క గీత కనిపించినా తర్వాత దిద్దుకున్నావన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానం పోగొట్టుకోవడం ఆరు మార్కులు తెచ్చుకోవడంకంటే కష్టం. ఉన్నది ఉన్నట్టుగా ఫొటో తీసి ఉంచుకో.

పేపర్లు పంచుతుండగా అందరిముందూ లేచి అడగొద్దు. నీ వెనకే పదిమంది పేపర్లు పట్టుకుని వస్తారు, ఎవరికైనా చిరాకేస్తుంది. ఆ రోజో మర్నాడో, మేడమ్ తీరిగ్గా ఉన్నప్పుడు వెళ్లు. ఆలస్యం మాత్రం చేయకు. మార్కులు రిజిస్టర్‌లోకి ఎక్కాక దిద్దడం వాళ్లకీ తలనొప్పే.

"మేడమ్, నా టోటల్ ఒకసారి చూస్తారా? నాకు 64 వస్తోంది, నేనెక్కడైనా పొరబడ్డానేమో" అను. ఆ పేజీ తెరిచి చూపించి ఊరుకో, వాళ్లను కూడుకోనివ్వు. "మీరు తప్పేశారు" అన్న మాట రానివ్వకు. "ఫలానావాళ్లకు వేశారు, నాకు వేయలేదు" అనడం ఇంకా చేటు: పక్కవాళ్ల మార్కులు తగ్గినా తగ్గుతాయి, స్నేహమూ పోతుంది. ఇప్పుడు కుదరదంటే ఎప్పుడు రావాలో అడిగి, ఆ వేళకే వెళ్లు.

ఫలానా జవాబుకు తక్కువ వేశారనిపించడం వేరే సంగతి, దాన్ని ఇందులో కలపకు. అది కూడిక కాదు, వాళ్ల అంచనా. దానికి ఇంకో రోజు వెళ్లి, "పూర్తి మార్కులు రావాలంటే ఇందులో ఇంకేం రాయాలి మేడమ్?" అని అడుగు. పేపరంతా మళ్లీ చూస్తే ఎక్కడో ఎక్కువ పడినవి తగ్గే అవకాశమూ ఉంది, దానికి సిద్ధపడే వెళ్లు.

టోటల్ దిద్దాక థాంక్స్ చెప్పి, "రిజిస్టర్‌లో కూడా మారుస్తారా మేడమ్?" అని అక్కడే గుర్తుచెయ్యి. పేపర్ మీద 64 అయి, ప్రోగ్రెస్ రిపోర్టులో 58 అలాగే ఉండిపోవడం మామూలే.